బ్రేకు మీద బాపు కాలు

పాడైన ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌కు మోకుతో కట్టి లాక్కొచ్చేటప్పుడు, ముందు నడిపేవాడి కంటే వెనక కూర్చున్నవాడే ముఖ్యం. ముందున్నవాడు లాగుతాడు, అంతే. ఆపాల్సింది వెనకవాడు. ముందుబండి కాస్త నెమ్మదిస్తే మోకు సడలుతుంది. అది సడలకుండా వెనకవాడు బ్రేకు ఒత్తుతూ రావాలి. ఆలస్యమైతే అంత బరువూ వచ్చి ముందుబండిని గుద్దుతుంది. ఒక్కసారిగా తొక్కితే మోకు తెగుతుంది. ఆ రోజు తెల్లవారుజామున ఇదంతా నాకు మా తమ్ముడు వివరంగా చెప్పాడు. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. నిజానికి వాడు చెబుతున్నది నాకు కాదు, పక్కనే నిలబడి విననట్టు బీడీ కాలుస్తున్న మా బాపుకు.

ఆ పాత ట్రాక్టర్‌ను బాపు మహదేవపూర్ దగ్గర ఒక పల్లెలో కొన్నాడు. ఇంజను పట్టేసి, చాలా కాలంగా పశువుల కొట్టం పక్కన పడి ఉంది. దాన్ని టేకుమట్ల దగ్గరి మా ఊరికి తెచ్చి, బాగుచేయించి, మళ్లీ పొలాలు దున్నుతానని ఆయన పట్టు. కిరాయికి ట్రాక్టర్ తోలుతూనే బతికిన మనిషి. ఒంట్లో బాగాలేదని రెండేళ్ల క్రితం ఇంట్లో ఉన్న ట్రాక్టర్‌ను మేమే అమ్మించాం. అప్పటి నుంచి ఆయనకు ఏ పనీ నచ్చలేదు, అమ్మ వండిన ఏ కూరా నచ్చలేదు. పొద్దున్నే లేచి ఎవరి పొలం గట్టు మీదికో పోయి, ఆ డ్రైవర్ సాళ్లు వంకరగా తీస్తున్నాడని తిట్టి వచ్చేవాడు. చివరికి అమ్మే విసిగిపోయి, "కొననీ బిడ్డా. తోలుకుంట తిరిగితెనే నయం. ఇంట్ల గీ మనిషితోని నేను ఏగలేను" అంది.

నేను మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో నర్సును. సెలవు పెట్టి వచ్చాను. పాత బండికి లైట్లు లేవు కాబట్టి, దాని వెనక స్కూటీ మీద ఇండికేటర్లు వేసుకుని రావడం నా పని. ఆ దారిలో ఇసుక లారీలు ఎక్కువ. చీకటి పడేలోపు ఇల్లు చేరాలని తెల్లారకముందే అన్నీ సిద్ధం చేసుకున్నాం. టైర్లకు గాలి కొట్టించాం, మడ్‌గార్డులకు రేడియం స్టిక్కర్లు అంటించాం. ట్రాక్టర్ అమ్మినవాళ్ల ఇంటావిడ బండికి బొట్టు పెట్టి, నాకూ బొట్టు పెట్టి ఎర్రటి రవిక గుడ్డ ఇచ్చింది. వెనక కట్టడానికి ఎర్రగుడ్డ కోసమే వెతుకుతున్నాను కాబట్టి ఆవిడ కళ్ల ముందే దాన్ని విప్పి ట్రాక్టర్ వెనక కట్టేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మోకు వద్దు, ఇనుప రాడ్డు తెస్తానని తమ్ముడు ముందే అన్నాడు. రాడ్డుతో బిగిస్తే రెండు బండ్ల మధ్య దూరం మారదు. ముందుబండి ఆగితే వెనకదీ ఆగుతుంది. వెనకవాడు స్టీరింగు పట్టుకుంటే చాలు. బాపు ససేమిరా అన్నాడు.

"రాడ్డు ఎందుకురా? నేను సచ్చిపోయిన్నా? నువ్వు పుట్టకముందు సంది తోలుతున్న."

"అది కాదు పెద్దబాపూ, నీకు షుగర్ ఉన్నది గదా..."

"షుగర్ నెత్తుర్ల ఉంటదిరా. కాళ్లల్ల ఉంటదా?"

తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను. షుగర్ ముదిరితే కాళ్లు మొద్దుబారతాయని దవాఖానలో రోజూ ఎవరో ఒకరికి చెప్పేదాన్ని. మా బాపు కాళ్లు మాత్రం ఏనాడూ పట్టి చూడలేదు. అడిగితే తిడతాడని ఊరుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కాటారం దాటేదాకా బాగానే వచ్చాం. తమ్ముడు ముందుబండి తోలుతుంటే, వెనకబండి మీద బాపు నిటారుగా కూర్చున్నాడు. మోకు బిగుతుగా ఉంది. లారీలు నన్ను చూసి పక్కకు తప్పుకుని పోతున్నాయి. రెండేళ్లలో ఆయన వీపు అంత హుషారుగా కనిపించడం అదే మొదటిసారి. కొన్నదే మంచిదయిందేమో అనుకున్నాను కూడా.

అడవి మధ్యలో ఉండగా ట్రాక్టర్ కుడివైపు నుంచి ఏదో జారి రోడ్డు మీద పడింది. దగ్గరికి పోయి చూస్తే బాపు చెప్పు, కుడికాలిది. స్కూటీ ఆపి తీసుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తాడేమో, చెయ్యి ఊపుదాం అనుకున్నాను. ఆయన తిరగలేదు. చెప్పు పడిపోయిందన్న సంగతే ఆయనకు తెలియలేదని అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. స్కూటీ మళ్లీ స్టార్ట్ చేసి వెంటపడ్డాను.

ముందు రోడ్డు పల్లంలోకి దిగుతోంది. కింద కల్వర్టు మీద బర్రెలు అడ్డంగా నడుస్తున్నాయి. వాటిని చూసి తమ్ముడు నెమ్మదించాడు. మోకు సడలి రోడ్డుకు రాసుకుంటోంది. పాత ట్రాక్టర్ మాత్రం నెమ్మదించలేదు. నేను హారన్ నొక్కుతూ పక్కకు దూసుకుపోయి చూశాను. బాపు పాదం పెడల్ మీద లేదు. పెడల్ పక్కన రేకు మీద ఉంది. ఆయన పళ్లు బిగబట్టి, బలమంతా పెట్టి ఆ రేకునే తొక్కుతున్నాడు.

"బ్రేకు తొక్కు బాపూ!"

"తొక్కుతనే ఉన్ననే!"

"కిందికి చూడు! కాలు చూస్కో!"

కిందికి చూశాడు. చూసి, కాలు ఎత్తి, పెడల్ మీద పెట్టి తొక్కాడు. ట్రాక్టర్ కీచుమంటూ ఆగింది. ముందుబండికీ దీనికీ మధ్య జానెడు ఖాళీ మిగిలింది. తమ్ముడు దిగి వచ్చి ఆ ఖాళీని చూసి, రోడ్డు పక్కన కూలబడ్డాడు. బర్రెలు తీరిగ్గా కల్వర్టు దాటాయి.

నేను చెప్పు తీసుకుని బాపు దగ్గరికి పోయాను.

"చెప్పు ఏది బాపూ?"

ఆయన నా చేతిలో ఉన్నదాన్ని చూడలేదు. "ఉడుకపోత్తాందని ఇడిసిన. గీడనే ఉంటది" అన్నాడు.

చెప్పు ఆయన ఒళ్లో పెట్టాను. పాదం పట్టుకుని పైకెత్తితే అరికాలు తెగి రక్తం కారుతోంది. ఇనుప పెడల్ అంచు గీరుకుపోయింది. ఎండకు ఆ ఇనుము కాలి ఉంది, మడమ పక్కన బొబ్బ కూడా లేచింది. బాపు వంగి దాన్ని ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. నేను బాటిల్ నీళ్లతో కడిగి, నా చున్నీ చింపి కట్టాను. దవాఖానలో అయితే ఇలాంటి మనిషిని, ఎన్నాళ్ల నుంచి, ఎందుకు చెప్పలేదు అని గట్టిగా అడిగేదాన్ని. అక్కడ మాత్రం చున్నీ ముడి ఇంకోసారి బిగించాను.

తమ్ముడు నా స్కూటీ మీద భూపాలపల్లి పోయి రాడ్డు తెచ్చేదాకా మేమిద్దరం చెట్టు నీడలో కూర్చున్నాం. బండి ఆగి ఉందని లారీలకు తెలిసేలా ట్రాక్టర్ వెనక కొమ్మలు విరిచి వేశాను. బాపు కాలికున్న కట్టునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"గిప్పుడు నన్ను ట్రాక్టర్ తోలద్దంటవా?"

"నేనేం అనలే."

"అంటవ్. మీ అమ్మకు చెప్తవ్. అందరు కలిసి మళ్ల అమ్మిపిస్తరు."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని ఆయన చూడకుండా రోడ్డు మీద లారీలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాను.

రాడ్డు బిగించాక దారిలో ఏ ఇబ్బందీ రాలేదు. చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటు బూడిద లారీలు పక్కనుంచి పోయినా బండి అటూ ఇటూ ఊగలేదు. బాపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు నెమ్మదించిన ప్రతిసారీ బాపు తల కిందికి వంగేది. కాలు ఎక్కడుందో కళ్లతో వెతుక్కుని, పెడల్ మీద పెట్టి తొక్కేవాడు. ఆ తొక్కుడుతో అప్పుడు ఎవరికీ పని లేదు. వెనక నుంచి నేను ఇంటిదాకా అదే చూస్తూ వచ్చాను.

పొద్దు గూకకముందే ఊరు చేరాం. చూడ్డానికి వచ్చినవాళ్లతో బాపు గట్టిగా మాట్లాడాడు. ఇంజను ఎవరితో బాగుచేయించాలో, మొదట ఎవరి పొలం దున్నాలో అన్నీ చెప్పాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు దారిలో జరిగింది ఎవరికీ చెప్పలేదు.

అందరూ పోయాక అమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది. బాపు మంచం మీద కాళ్లు చాపుకుని నన్ను పిలిచాడు.

"గా కుడి కాలు ఒక్కటే బిడ్డా. ఎడమది మంచిగనే ఉన్నది. మెకానిక్‌కు చెప్పి బ్రేకు ఎడమ దిక్కు పెట్టిపిస్త. క్లచ్ చేతికి అందేటట్టు చేపిస్త. గట్ల చేసేటోళ్లు ఉన్నరు, నేను చూసిన."

నేను కుడికాలి కట్టు వైపే చూస్తుండేసరికి ఆయనకు కోపం వచ్చింది.

"నమ్మకుంటే నువ్వే చూడు. నర్సువు గదా. నేను కండ్లు మూసుకుంట. నువ్వు ముట్టంగనే ఏ వేలో చెప్త."

కళ్లు మూసుకున్నాడు. నేను మంచం చివర కూర్చుని ఎడమకాలి బొటనవేలు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. ఆయన ఊపిరి బిగబట్టి కాసేపు ఎదురుచూశాడు.

"ఊఁ, ముట్టుకో మరి" అన్నాడు.