అట్టముక్క కింద జవాబు

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? వాళ్ళు కట్టిన ప్రతి లెక్కా చివరికి ఆమె బల్లమీదికే రావాలి కదా. పైగా మొగుడిది కళ్ళద్దాల షాపు. పేరు పెట్టినవాడికి అంతకన్నా ఏం కావాలి?

అది రాకెట్ల లెక్కలు కట్టే ఆఫీసు. ఇంజనీర్లు కడతారు, ఆమె సరిచూస్తుంది. టైపిస్టుగా చేరిన కొత్తలో ఒక ఇంజనీరు కాగితం కొడుతూ, మూడో వరస కూడిక తప్పిందని నెమ్మదిగా చెప్పింది. ఆయన ఆమెను తినేసేలా చూశాడు. పక్కగదిలోంచి మాస్టారు మాత్రం వచ్చి, కూడిక చూసి, పడీపడీ నవ్వి, ఆ సాయంత్రానికల్లా ఆమె కుర్చీని తన గదిలో వేయించాడు. ఆఫీసులో అందరికన్నా పెద్ద ఇంజనీరు ఆయన. అంతవరకూ ఆమెకు బుర్ర ఉందని ఎవరూ అనలేదు, కన్నతండ్రితో సహా.

ఆయన ఆమెకు నేర్పిన సూత్రం ఒక్కటే.

"జవాబు ముందే చూశావంటే నీ చెయ్యి దానికోసమే లెక్క కడుతుందమ్మాయ్. కప్పెయ్. నీ జవాబు వచ్చాకే తియ్యి."

కప్పడానికి చెప్పుల డబ్బాలోంచి ఒక అట్టముక్క కూడా ఆయనే కత్తిరించి ఇచ్చాడు. పందొమ్మిదేళ్ళయినా ఆమె దాన్నే వాడుతోంది. అంచులు అరిగిపోతే టేపు అంటించుకుంది. ఇంట్లో కూతురికి లెక్కలు చెప్పేటప్పుడు కూడా అదే పద్ధతి. ఆ పిల్ల వేళ్ళ సందుల్లోంచి జవాబు చూసేది, అది వేరే సంగతి.

మాస్టారు రిటైరవడానికి రెండు నెలలుందనగా ఆ ఫైలు వచ్చింది. భూమి చుట్టూ ఆయుధాలను తిరుగుతూ ఉంచి, కావాలనుకున్నప్పుడు కావాలనుకున్న ఊరిమీద పడెయ్యడం సాధ్యమా, కాదా అన్నది తేల్చాలి. ఫైల్లో ఆయుధం అన్న మాట ఎక్కడా లేదు. "వస్తువు" అని రాశారు. ఊరు అన్న మాటా లేదు, "బిందువు" అన్నారు. ఎంత మర్యాదస్తులో చూడండి.

లెక్కలన్నీ మాస్టారు కట్టాడు. కట్టి, ఫైలు ఆమెకిచ్చి, కంటిలో శుక్లం తీయించుకోవడానికి నెలరోజులు సెలవు పెట్టాడు. ఫైలు సరిచూశాక డైరెక్టరు తీర్పు రాయాలి.

ఆమె ఎప్పటిలాగే అట్టముక్క పెట్టి మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులూ అన్నీ సరిపోయాయి. మూడోరోజు వేడి కవచం దగ్గర ఆగింది. పైనుంచి పడే వస్తువు గాలి రాపిడికి కాలిపోకుండా ముందువైపు ఒక గుండ్రటి కవచం ఉంటుంది. దాని బరువెంతో ఆమె కట్టి, అట్టముక్క తీసింది. మాస్టారి అంకె సరిగ్గా నాలుగు రెట్లుంది.

మళ్ళీ కట్టింది. మళ్ళీ అదే. అప్పుడు ఆయన కాగితం వెతికి చూస్తే తెలిసింది. వృత్తానికి వ్యాసార్థం వెయ్యాల్సిన చోట ఆయన వ్యాసం వేశాడు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే తప్పు.

ఆఫీసు నియమం ప్రకారం తప్పు దొరికితే ఎర్రచీటీ రాయాలి. ఒకటి లెక్క కట్టినవాళ్ళకు, ఒకటి డైరెక్టరుకు. మాస్టారి పేరున ఎర్రచీటీ! ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన మీద ఎవరూ ఒక్కటీ రాయలేదు. ఇప్పుడు రాస్తే వీడ్కోలు సభ ముందే పెద్దాయనకు మతిపోయిందంటారు. ఏ కుర్రాడో ఆయన గొంతు అనుకరించి అందర్నీ నవ్విస్తాడు. తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మొగుణ్ణి అడిగింది, మాస్టారి కన్ను ఎంత పాడైందని. ఆ కన్ను పరీక్ష చేసింది అతనే.

"కుడికన్ను బాగా మసకేనోయ్. చిన్న అక్షరాలు కనబడుతున్నాయో లేదో," అన్నాడతను.

అంతే, ఆమెకు దారి దొరికింది. తప్పు ఆయనది కాదు, కంటిది. మర్నాడు ఎర్రచీటీ రాయలేదు. జీవితంలో మొదటిసారి నియమం తప్పి, ఆ పేజీని తనే తిరగరాసింది. దాని మీద ఆధారపడ్డ పట్టికలు పదకొండు, అవన్నీ మార్చింది. మాస్టారి లెక్కలో రాకెట్టు ఒక్క వస్తువును కూడా మోయలేదు. కొత్త లెక్కలో రెండు పట్టాయి. ఆ "రెండు" అంకె రాస్తున్నప్పుడు ఆమె చెయ్యి కాస్త ఆగింది. అయినా తేల్చాల్సింది డైరెక్టరు కదా, తన పని లెక్క సరిచూడటమే కదా అనుకుంది. మనందరం అలాగే అనుకుంటాం. సంతకం పెట్టి పంపేసింది.

మాస్టారు కొత్త కళ్ళద్దాలతో తిరిగొచ్చిన రోజున డైరెక్టరు అందర్నీ హాల్లోకి పిలిచాడు. సాధ్యమేనని తేలిందనీ, పైవాళ్ళు ఒప్పేసుకున్నారనీ, ఇదంతా మాస్టారి చలవేననీ చెప్పి చేయి కలిపాడు. చప్పట్లు మోగాయి. మాస్టారు చప్పట్లు వింటున్నట్టు లేడు. ఫైలు అడిగి తీసుకుని, కవచం పేజీ తెరిచి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూశాడు. ఆమె ఏడు అంకెకు నడుమన అడ్డగీత పెడుతుంది. ఆ అలవాటు ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదు.

మాస్టారు ఆమె వెనకే గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఎర్రచీటీ ఎందుకు రాయలేదమ్మాయ్?"

"మీ పరువు పోతుందని, మాస్టారూ. కన్ను కనబడక పొరపాటు పడ్డారనుకున్నాను."

"పోతే పోయేది. చీటీ వస్తే ఏదో ఒకటి చెప్పి మళ్ళీ కడతాననేవాణ్ణి. కడుతూనే రిటైరయ్యేవాణ్ణి." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "ఇన్నేళ్ళలో కావాలని చేసిన తప్పు అదొక్కటే. నీకు దొరుకుతుందని తెలుసు. ముందు నా దగ్గరికే వస్తావనుకున్నాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ వారమే సెలవుపెట్టి వెళ్ళిపోయాడు, వీడ్కోలు సభకు రాలేదు. ఆమెకు మాత్రం జీతం పెరిగింది.

ఏడాది తిరిగేసరికి రాకెట్టు లేచింది. ఆ వారమంతా పొద్దుగూకగానే జనం మేడలెక్కి చూశారు. ఆమె వెళ్ళలేదు. ఎనిమిదోరోజున కూతురు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. సరిగ్గా ఆమె లెక్క చెప్పిన నిమిషానికే పడమటి దిక్కున రెండు చుక్కలు లేచి, పక్కపక్కనే, తొందరేమీ లేనట్టు నడిచివచ్చాయి. పక్కింటివాళ్ళు చేతులూపారు.

"మూడమ్మా," అంది కూతురు.

"రెండే. సరిగా చూడు."

"మూడే. వెనకాల చూడు."

ఆమె చూసింది. ఆ రెండింటి వెన్నంటే, అదే దారిలో, అదే నడకతో ఇంకొకటి వస్తోంది. ఇంకో దేశంలో, ఇంకో ఆఫీసులో, ఇంకెవరో కూడా లెక్క సరిచూశారన్నమాట. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తమ రాకెట్టులో పట్టేవి రెండే. ఆ లెక్క ఆమెదే, అందులో తప్పు ఉండే వీల్లేదు.