పన్ను తీయించుకున్న వారంలో తొలి ప్రసంగం

ఆ రోజుల్లో మా కట్టంగూరు వైపు పన్ను నొప్పికి ఎవరూ దవాఖానకు పోయేవారు కాదు. లవంగం అదిమిపెట్టి, నొప్పిని దేవుని చేతికి అప్పగించి, పనిలో పడేవారు. నేనూ అలాగే చేసేవాణ్ణే గాని, ఇరవై రెండో ఏట నా కింది దవడ చివర జ్ఞానదంతం అడ్డంగా మొలిచినప్పుడు నాకు వేరే తొందర ఉంది. ఆ ఆదివారం మా సంఘంలో మొదటిసారి వాక్యం చెప్పమని పాస్టరుగారు అన్నారు. అంశం ఓర్పు. పదకొండు కాగితాలు రాసుకున్నాను. (వాటిని వినేవాళ్లకు ఎంత ఓర్పు కావాలో అప్పుడు తోచలేదు.) నొప్పితో నిలబడితే ప్రసంగం చెడుతుందని బుధవారం పొద్దున్నే బస్సెక్కి నల్లగొండ పోయి పన్ను తీయించుకున్నాను.

డాక్టరు సాబు ఆ సందులో దూది పెట్టి, "గట్టిగ కరిచిపట్టు. ఇంటికి పోయినంక గూడ గంటసేపు నోరు తెరవకు. ఉమ్మొద్దు, మాట్లాడొద్దు. గడ్డకట్టిన నెత్తురు కదిలిందంటే పన్ను నొప్పే నయమనిపిస్తది" అన్నాడు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు, నాలుగు రోజులు చల్లటి అంబలి, పూటకో మాత్ర. ఇంత సులువైన ఆజ్ఞలు ఎవరికైనా సాధ్యమే అనుకుంటూ తల ఊపాను.

ఇల్లు చేరి గోడకు ఆనుకున్నానో లేదో గంట పెద్దయ్య వచ్చాడు. మందిరం గంట కొట్టేది ఆయనే, రోగుల కోసం ప్రార్థన చేసేదీ ఆయనే. మా సంఘంలో ప్రార్థన చివర రోగి తన నోటితో "ఆమెన్" అనాలి. అనేదాకా పెద్దయ్య వదలడు. ఆయన కళ్లు మూసుకుని నా దవడ కోసం వేడుకుని ఆగాడు. నేను "ఊఁ" అన్నాను. అది ఆయన లెక్కలోకి రాలేదు. మళ్లీ మొదలుపెట్టి నా మిగిలిన పళ్లను, డాక్టరు సాబు చేతులను, మా బర్రెను, ఆ ఏటి వానలను ప్రభువు సన్నిధిలో పెట్టి ఆగాడు. చేతులు జోడించాను. మూసుకున్న కళ్లకు అదేం కనబడుతుంది?

"పెద్దయ్యా, వాని నోట్ల దూదున్నది" అంది మా అవ్వ, పొయ్యి దగ్గరి నుంచి.

"దూది దేవునికి అడ్డమా అక్కా? పోరని ఇశ్వాసం సన్నబడ్డది. ఇంకింత గట్టిగ అడుగుదాం."

విశ్వాసం మాట వచ్చాక ఎలా ఊరుకోను? ఆదివారం ప్రసంగించబోయే మనిషిని. వీధంతా వినబడేలా "ఆమెన్" అన్నాను. దూది పెద్దయ్య ఒడిలో పడింది, వెంట కొంత నెత్తురు. ఆయన పరమ సంతోషంగా వెళ్లిపోయాడు.

శుక్రవారానికి డాక్టరు సాబు చెప్పిన ఆ నొప్పి చెవిదాకా పాకింది. చెంప బూరెలా పొంగింది. అవ్వ చెంచాతో అంబలి పోయబోతే నొప్పి తాళలేక గిన్నె విసిరికొట్టాను.

"ఓర్పు గురించి చెప్పెటోనివి, గిట్ల చేస్తవారా?" అంది, కొంగు మీది అంబలి దులుపుకుంటూ. "ఇంకో వారం చెప్తువు తీ. పాస్టరు సారుకు నేను చెప్త." అడ్డంగా తల ఊపాను. ఆ అవకాశం మళ్లీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

శనివారం మళ్లీ నల్లగొండ పోయి, జరిగింది కాగితం మీద రాసి చూపించాను. డాక్టరు సాబు రెండుసార్లు చదివి, "దువా మంచిదే బాబూ. జర గంట ఆగి చేసుకోరాదు?" అని, సందు కడిగి లవంగనూనెలో తడిపిన పీలిక పెట్టాడు.

ఆదివారం దవడకు గుడ్డ కట్టుకుని సంఘం ముందు నిలబడ్డాను. మొదటి మాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితాలు మడిచేశాను. "ఓర్పు గురించి చాన రాసుకొచ్చిన. కని ఈ నాలుగు దినాలు నా దగ్గర ఓర్పు లేకుండె. మా అవ్వ మీదికి గిన్నె ఇసిరిన. దేవుడు క్షమించాలె, మా అవ్వ క్షమించాలె" అని ఆగి ఆగి చెప్పి కూర్చున్నాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. బయట చెప్పులు వేసుకుంటుంటే, వెనక వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ నా వీపు తట్టి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇయ్యాల ఇంటికాడ పప్పు గూడ మాడది" అంది.

తర్వాత ఎన్నో సంఘాల్లో వాక్యం చెప్పాను. గొంతు స్థిరపడింది, ప్రసంగం గంట దాటింది, వందనాలకు కొదువ లేదు. కాని అంత తక్కువ మాటల్లో అంత నిజం మళ్లీ చెప్పలేకపోయాను. ఇప్పటికీ మైకు దగ్గరికి లేచేటప్పుడు మా ఇంటావిడ మెల్లగా, "జనాన్ని జర జల్ది ఇడువుండ్రి" అంటుంది. సరేనని తల ఊపి వెళతాను. ఏం చేయను, నోరు ఇప్పుడు బాగా తెరుచుకుంటోంది.