స్వెటర్ పట్టని రబ్బరు డ్రెస్సు

ఆ నల్ల రబ్బరు డ్రెస్సును మా అన్న నా కుట్టుమిషన్ మీద పడేసిన పొద్దున నాకు అనుమానం వచ్చింది. డ్రెస్సు మీద కాదు, అన్న మీద. చలికాలంలో ఆ వేళకు పోచంపాడ్‌లో ఉండాల్సిన మనిషి బోధన్‌లో నా దుకాణం ముందు నిలబడ్డాడంటే ఏదో దాస్తున్నట్టే.

అన్న పని నీళ్లలో. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని పోచంపాడ్ ప్రాజెక్టు నీళ్లలో అడుగుకు దిగి, ఇరుక్కున్న మొద్దులు, చిరిగిన వలలు తీస్తాడు. ఒక గుత్తేదారు పిలిచినప్పుడల్లా పోతాడు. కిందటి చలికాలం పైకి వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోయి తాడు పట్టుకోలేకపోయాడు. తోటివాళ్లు చంకల కింద చేతులు వేసి పడవలోకి లాగారు. అన్న ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. వదిన ఎవరి నోటనో విని వచ్చి నా దగ్గర ఏడ్చింది. అప్పటి నుంచి అన్న ‘ఏం కాదు’ అంటే నమ్మడం మానేశాను.

ఇదివరకు వాళ్లు ఒంటికి నువ్వుల నూనె పట్టించి, పైన ఉన్ని స్వెటర్ తొడుక్కుని దిగేవాళ్లు. ఈసారి ఎవరో వాడి వదిలేసిన డ్రెస్సును గుత్తేదారు తెచ్చిచ్చాడు.

“చంకలకాడ ఇప్పి జర వదులు చెయ్యి చెల్లె. లోపల స్వెటర్ పట్టాలె.”

తిప్పి చూశాను. మెత్తని స్పాంజి లాంటి రబ్బరు. మోకాలి దగ్గర అతుకు ఊడుతోంది. కానీ కుట్టు నన్ను ఆపింది. సూది రబ్బరులోకి సగం దాకానే దిగి, అవతలి వైపుకు పోకుండా మళ్లీ పైకి వచ్చింది. ఒక్క రంధ్రం పడకుండా ఇంత జాగ్రత్త పడ్డవాడు కొలత తప్పి బిగువుగా కుట్టి ఉంటాడా? రేపు రమ్మన్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది గ్రంథాలయంలో జరిగింది. దారాలు, లైనింగ్ గుడ్డ కోసం నిజామాబాద్ పోయిన ప్రతిసారీ అక్కడ కూర్చుని ఏది దొరికితే అది చదువుతాను. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పోతే ఒక విజ్ఞాన సంపుటంలో నాకు కావలసింది దొరికింది. ఆ డ్రెస్సు పని తడవకుండా కాపాడటం కాదట. లోపలికి చేరిన పలచని నీటి పొరను ఒంటి వేడి వెచ్చబరుస్తుంది. డ్రెస్సు బిగువుగా ఉంటే ఆ నీళ్లు కదలవు. వదులైతే వెచ్చబడ్డ నీళ్లు జారిపోయి, చల్లవి వస్తూనే ఉంటాయి. ఆ పేజీలోనే ఇంకో మాట ఉంది. సారా తాగితే చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి త్వరగా బయటికి పోతుందని.

పుస్తకం మూసి ఆలోచించాను. దిగే రోజుల్లో అన్న నోట్లో ఎప్పుడూ లవంగం ఎందుకుంటుంది?

మర్నాడు చదివింది చదివినట్టు చెప్పాను. అన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“నీళ్లు లోపలికొస్తే ఎచ్చగెట్లుంటది? నీకు ఇప్పరాక గిట్ల జెప్తున్నవ్. గా పుస్తకం రాసినోడు పోచంపాడ్ల దిగిండా?”

“నువ్వు దిగినవ్ గద. కిందటేడు తాడు పట్టరాలేదంట?”

ఎవరు చెప్పారని అడిగాడు. దిగే రోజుల్లో లవంగం ఎందుకు నములుతావని నేను అడిగాను. పన్ను నొప్పి అన్నాడు. ఏ పన్నో చూపించమంటే మొహం తిప్పుకున్నాడు.

డ్రెస్సు తిరిగి ఇస్తే ఇంకో టైలర్ దగ్గర విప్పించుకుంటాడని నాకు తెలుసు. అందుకే నా దగ్గరే ఉంచుకుని, మోకాలి అతుకును సైకిల్ ట్యూబుల సొల్యూషన్‌తో అంటించి, దిగే రోజు నేనే పట్టుకుపోయాను. తెల్లవారుజామున మొదటి బస్సు, ఒళ్లో ఫ్లాస్కు నిండా వేడినీళ్లు.

ఒడ్డున ఇద్దరు పట్టి లాగితే గానీ డ్రెస్సు ఎక్కలేదు. అన్న సంచిలోంచి స్వెటర్ చెయ్యి బయటికి వేలాడుతోంది. సంచి తీసి నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. అన్న గుత్తేదారు జీపు చాటుకు పోబోతే నేనూ వెంట నడిచాను. విసుక్కుని వెనక్కి వచ్చాడు. ఫ్లాస్కులో వేడినీళ్లను చన్నీళ్లతో గోరువెచ్చగా కలిపి మెడ దగ్గర నుంచి లోపలికి పోశాను.

“చాయ్ పత్తా గూడ వెయ్యక్క, మీ అన్న మంచిగ మరుగుతడు” అన్నాడు పడవవాడు. అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు.

దిగాడు. నీటి మీద బుడగలు లేస్తున్నాయి. అప్పుడు నాకు పుస్తకం మీదే అనుమానం మొదలైంది. రాసినవాడు ఏ సముద్రాన్ని చూసి రాశాడో. ఇక్కడి నీళ్లు వేరు, అడుగున బురద. స్వెటర్ లేకుండా ఇలాగే దిగమని పట్టుబట్టింది నేను. బుడగలు ఒక చోట ఆగిపోయినట్టు అనిపించి లేచి నిలబడ్డాను. కాస్త అవతల మళ్లీ లేచాయి.

కూర్చోలేక, మడిచి పెట్టిన అన్న ప్యాంటు జేబు తడిమాను. చిన్న సీసా తగిలింది. తీసి చూశాను. సారాయే, కానీ మూత సీలు ఇంకా ఊడలేదు. ఉన్న చోటే పెట్టేశాను.

అన్న తల పైకి తేలింది. పడవవాడు తాడు విసిరాడు. నేను మొహం చూడలేదు, చేతులు చూశాను. వేళ్లు తాడు చుట్టూ మూసుకున్నాయి. తనంతట తానే పడవెక్కాడు.

ఒడ్డుకు వచ్చాక వెచ్చగా ఉందా అని అడగలేదు, అడిగితే కాదంటాడని. అన్న డ్రెస్సు విప్పి, పిండి, నా చేతిలో పెట్టాడు.

“మెడకాడ వదులున్నది. చల్లనీళ్లు జొరబడుతున్నయ్. జర బిగువు చెయ్యి.”