పెట్టెలో పట్టని పిడి

మొన్న ఆదోని మార్కెట్ యార్డు ఎదుట టీ తాగుతుంటే, పక్క బల్ల మీద ఇద్దరు పత్తి వ్యాపారులు ఫోనులో పిస్టల్ పోటీ చూస్తున్నారు. ఎవరో విదేశీయుడు నాలుగు సెకండ్లలో అయిదు గురులూ కొట్టి పాత రికార్డును చెరిపేశాడట. వాళ్ళలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "మన ఊర్లో గూడా ఒకాయప్ప ఉండె లేప్పా. పిడి మార్చి రికార్డు కొట్టినాడు, ఆడనే పట్టుకున్నారు" అన్నాడు. "పోలీసోడే మోసం జేస్తే ఇంగ యాడికి పోయి సెప్పుకోవల్ల?" అని రెండో ఆయన నవ్వాడు.

వాళ్ళు చెప్పుకుంటున్న ఆ మనిషి మా అక్క భర్త, నా బావ. ఆయన పోయి రెండేళ్ళయింది. నేను టీ తాగి, గ్లాసు ఇచ్చేసి, నోరు తెరవకుండా వచ్చేశాను. అవసరమైన రోజున కూడా నేను నిజం చెప్పలేదు కాబట్టి, కనీసం ఇప్పుడైనా జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

నా ఈడువాళ్ళకు ఎమ్మిగనూరు అనగానే వీధి పొడుగునా వినబడే మగ్గాల చప్పుడు గుర్తొస్తుంది. మా నాయన మగ్గాలు బాగుచేసేవాడు, నాడెలు చెక్కేవాడు. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే ఆ చెక్క నాడెకు ఎక్కడైనా పగులొస్తే, చింతగింజల పిండి ఉడికించి, అందులో రంపపు పొడి కలిపి, ఆ ముద్దతో పగులు పూడ్చేవాడు. ఎండితే అది రాయితో సమానం. వాన మొహం చూడాలంటే నెలల తరబడి ఎదురుచూసే మా వైపు ఆ ముద్ద ఊడిన నాడెను నేను ఎన్నడూ చూడలేదు. ఆ పనే నాకూ వచ్చింది.

బావ ఆదోనిలో పోలీసు. మనిషి పొట్టి, అరచేతులు మాత్రం చాటలంత. ఆయనకు పిచ్చి ఒక్కటే, ర్యాపిడ్ ఫైర్ పిస్టల్. ఇరవై అయిదు మీటర్ల దూరంలో వరసగా అయిదు గురులుంటాయి. చేయి కిందికి దించి నిలబడాలి, సంకేతం రాగానే ఎత్తి ఒక్కో గురికి ఒక్కో గుండు కొట్టాలి. మొదట ఎనిమిది సెకండ్లు ఇస్తారు, తర్వాత ఆరు, చివరికి నాలుగు. ఆ నాలుగు సెకండ్ల కోసం బావ ఏళ్ళు ధారపోశాడు. పిస్టల్ ఆయుధాగారం దాటి రాదు కనుక, ఇంట్లో ఒక చెక్క పిడికి ఇనుప కడ్డీ బిగించుకుని, గోడ మీద బొగ్గుతో గీసిన అయిదు చుక్కల మీద సాధన చేసేవాడు. వంటింట్లోంచి అక్క, "ఆ గోడ ఎప్పుడో సచ్చిపోయింది గానీ, రాప్పా, అన్నం సల్లారిపోతాంది" అనేది.

పిస్టల్‌తో వచ్చిన పిడి ఎవరి చేతికి చేసిందో గానీ బావ చేతికి ఇమడలేదు. ఒకరోజు ఎమ్మిగనూరు వచ్చి మా గడపలో కూర్చుని, "ఏం బామ్మర్దీ, నాడెలైతే సెక్కుతావు గానీ నా సెయ్యికి ఒక పిడి సెక్కలేవా?" అన్నాడు. టేకు చెక్క తెచ్చి, ఆయన వేళ్ళను మళ్ళీ మళ్ళీ దాని మీద పెట్టించి, ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తూ చేశాను. నేను చేసిన వస్తువుల్లో అంత ఇష్టంగా చేసింది మరొకటి లేదు. బొటనవేలి కింద, అరచేతి అంచున కాస్త ఖాళీ మిగిలింది. దాన్ని పూడ్చడానికి బావ కర్నూలు నుంచి చెక్క పుట్టీ డబ్బా తెచ్చిచ్చాడు. చెమటకు చేయి జారకూడదు కనుక వార్నిష్ మాత్రం వెయ్యొద్దన్నాడు.

నేను డబ్బా మూత సరిగా పెట్టలేదు. పోటీకి బయల్దేరే ముందు తీసి చూస్తే పుట్టీ గడ్డకట్టి ఉంది. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నాయన ముద్దతోనే ఖాళీ పూడ్చి, సాఫు చేసి ఇచ్చేశాను. బావ పిడిని పట్టుకుని చూసుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇది నా సెయ్యే రా" అన్నాడు.

పోటీ సముద్రం పక్క ఊళ్ళో. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. దిగిన రోజు నుంచీ సన్నటి వాన, ఆరేసిన తువ్వాలు ఆరలేదు. పొద్దున తనిఖీలో పిస్టల్‌ను కొలత పెట్టెలో పెట్టి చూస్తే లోపలికి పోయింది, కాస్త రాసుకుంటూ. పెట్టెలో పట్టకపోతే పిస్టల్ పనికిరాదన్నది నియమం. ఆ రోజు బావ కాల్చిన తీరు నేను చెప్పలేను. నాలుగు సెకండ్ల చివరి వరసలో ఆయన చేయి గురి నుంచి గురికి పోయిన తీరు, మగ్గంలో మా నాయన చెక్కిన నాడె పరుగును తలపించింది. రాష్ట్ర రికార్డు దాటిపోయింది. తోటివాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకున్నారు.

అంతలో మళ్ళీ తనిఖీకి పిలిచారు. ఈసారి పిడి పెట్టె అంచు దగ్గర ఆగిపోయింది. గోరు మందం తేడా. అధికారి పిడిని తిప్పి చూసి, ఈ అతుకు దేనితో వేశారని అడిగాడు. బావ నా వైపు చూశాడు, నమ్మకంగా. నేను పుట్టీ అన్నాను.

చింతగింజల ముద్ద అని ఉంటే, వాన గాలికీ చెమటకూ ఉబ్బిందని వాళ్ళకు అర్థమయ్యేది. రికార్డు అప్పుడూ దక్కేది కాదు, నియమం నియమమే, కానీ మనిషి పేరు దక్కేది. పుట్టీ ఉబ్బదు గనుక, తనిఖీ అయ్యాక పిడికి అదనంగా ఏదో పూశాడని రాసేశారు. రికార్డు రద్దు చేశారు, ఆయన్ని పోలీసు జట్టులోంచి తీసేశారు.

ఆదోని వచ్చాక బావ అదే కొలతతో చెక్క పెట్టె ఒకటి నా చేతనే చేయించుకున్నాడు. ఈ ఊరి ఎండకు ముద్ద ఆరిపోయి మళ్ళీ బిగిసింది. పిడి చక్కగా పెట్టెలోకి జారింది. వచ్చినవాళ్ళందరికీ, "సూడప్పా, పడతాంది గదా" అని చూపించేవాడు. వాళ్ళు తలూపి, బయటికి వెళ్ళి, ఇది అసలు పిడి, ఆడ పెట్టింది వేరే పిడి అనుకునేవాళ్ళు. ఆయన తన నిర్దోషిత్వానికి చూపిన రుజువే ఆయన మీద రెండో నేరమైంది. నేను ఆ గదిలోనే ఉండేవాణ్ణి. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. గోడ మీది చుక్కల మీద ఆయనే సున్నం వేసుకున్నాడు.

చివరి రోజుల్లో మంచం మీద ఆ పిడిని పట్టుకునే పడుకునేవాడు. చేయి చిక్కిపోయి అది వదులైంది. ఒకసారి నన్ను దగ్గరికి రమ్మని, "ఆ పొద్దు ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు రా. నేనే ఏమన్నా జేసి మర్సిపోయినానా?" అన్నాడు. తన మీద తనకే అనుమానం వచ్చే దాకా తెచ్చాను మనిషిని. అప్పుడు కూడా, నువ్వు పడుకో బావా అన్నాను.

ఇప్పుడు యంత్రంతో చేయి కొలిచి పిడులు కోస్తారట, గురులు వాటంతటవే లెక్క చెబుతాయట. ఎమ్మిగనూరులో నాడె చెక్కమని అడిగేవాళ్ళు అరుదు, మా వీధిలో చప్పుడు తగ్గిపోయింది. పోయిన వారం అక్కకు అంతా చెప్పేశాను. ఆమె లోపలికి పోయి పిడినీ పెట్టెనూ తెచ్చి నా ముందు పెట్టి, "తీసకపో. నా కండ్ల ముందర వద్దు" అంది. వద్దన్నది పిడినో నన్నో తెలియలేదు, అడగలేదు.

అవి నా బల్ల మీద ఉన్నాయి. బయట ఎండ కాస్తోంది. పిడిని పెట్టెలో పెడితే ఎక్కడా తగలకుండా లోపలికి జారిపోతోంది. ఇది చూసి తలూపి వెళ్ళిపోయినవాళ్ళకు నేను చేసిన ముద్ద సంగతి చెప్పాలి. వాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళకు పిడి మార్చినాడన్న మాటే గుర్తుంది.