నల్ల తెర ముందు చౌడేశ్వరమ్మ

చల్లపల్లిలో చౌడేశ్వరమ్మకు గట్టి మనిషని పేరు. వసారాలోకి పాము వస్తే చీపురుతో అదిలించి పంపింది. నేతపనివాళ్ల సొసైటీ ఆఫీసులో ఆమె గొంతు వినిపిస్తే గుమాస్తా టీ తాగే నెపంతో పెరట్లోకి జారుకుంటాడు. అలాంటి మనిషి దసరా వెళ్లిన మర్నాడు పొద్దున ఒక కంప్యూటరు ముందు కూర్చుని గజగజ వణికింది. ఎవరైనా చూస్తే నవ్వేవాళ్లే. ఆ పెట్టెలో ఏముందో తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు.

ఆమె భర్త కోటిలింగం చీరల అంచులకు బొమ్మలు గీసేవాడు. మొదట్లో గళ్ల కాగితం మీద గీసేవాడు. ఆ బొమ్మను చూసి అట్టలకు కన్నాలు కొడితే, ఆ అట్టలను బట్టి మగ్గం మీద అంచు దిగుతుంది. తర్వాత మేనల్లుడు దుర్గాశంకర్ కంప్యూటరు తెచ్చిపెట్టి నేర్పాడు. పాత బొమ్మలన్నీ అందులోకి ఎక్కించి, కొత్తవి అందులోనే గీశాడు కోటిలింగం. ఇక కాగితాలెందుకులే అని అటక మీద పడేస్తే వాటిని చెదలు తిన్నాయి. ఆ తర్వాత ఆయన కళ్లను షుగరు తిన్నది. ఇప్పుడాయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. ఒక జన్మ చేతిపని అంతా ఆ పెట్టెలోనే ఉంది. పోతే మళ్లీ గీయడానికి ఆయనకు చూపు లేదు. ఇంకో చోట కాపీ పెట్టుకోమని దుర్గాశంకర్ చెబుతూనే ఉన్నాడు, చూద్దాంలే అని వీళ్లు అంటూనే ఉన్నారు.

ఆ పొద్దున ఆమె అందులోంచి ఒక అంచు బొమ్మ బయటికి తీద్దామని స్విచ్ వేసింది. పెట్టె గుర్రుమంది, కంపెనీ పేరు మెరిసింది, ఆరిపోయింది, మళ్లీ మెరిసింది. ఎంతసేపు చూసినా అదే తంతు. పట్నంలో బెంజ్ సర్కిల్ దగ్గర రిపేరు షాపు నడుపుతున్న దుర్గాశంకర్‌కు ఫోన్ చేసింది. వీడియోలో చూద్దామంటే సిగ్నల్ అందలేదు, ఫోన్ స్పీకర్లో పెట్టి మాటలతోనే నెట్టుకు రావాలి.

"కంగారు పడకత్తయ్యా. ఆపి మళ్లీ ఆన్ చెయ్. పేరు మెరిసేలోపు పై వరసలో ఎఫ్ ఎనిమిది ఉంటది చూడు, దాన్ని టకటకా కొడతా ఉండు. నల్ల తెర మీద నాలుగు లైన్లొస్తాయ్. బాణం బటన్‌తో సేఫ్ మోడ్ అన్నదాని మీదకి దిగు. అంతవరకే. మధ్యలో మాత్రం కరెంటు తియ్యమాక, అసలుకే మోసం."

పక్క గదిలో మంచం మీంచి కోటిలింగం అడిగాడు. "ఏమే, తెరుచుకుందా?"

"ఆ, తెరుచుకుంటోందండీ" అంది. పెళ్లయ్యాక ఆయనతో ఆమె ఆడిన అబద్ధాలు తక్కువ.

ఎఫ్ ఎనిమిది కొట్టింది. తెర నల్లబడి తెల్లటి అక్షరాల లైన్లు వచ్చాయి. పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుంటూ సేఫ్ అన్న మాట కోసం వెతికింది. దొరికింది. బాణం మీద వేలు పెట్టబోయేసరికి తెర దానంతటదే మారిపోయింది.

"శంకరా, మారిపోయిందిరా!"

"ఏం నొక్కావ్?"

"ఏమీ నొక్కలేదురా నాయనా! ఇంకా వేలే పెట్టలేదు!"

"నొక్కకుండా ఎట్టా మారుద్ది అత్తయ్యా? సర్లే, ఏముందో చదువు."

ఆమె చదవబోయింది. అంతలో అది కూడా మారింది. కంటికి కనపడని మనిషెవరో ఒక్కో గడపా దాటుకుంటూ లోపలికి పోతున్నట్టుంది. కొత్త తెర మీద ఎర్ర అక్షరాలున్నాయి.

"ఈ... ఆర్... ఏ... ఎస్... ఈ. పక్కన ఆల్ అని ఉంది" అంది.

"అన్నీ తుడిచెయ్యమంటావా అని అడుగుతోంది, అత్తయ్యా!" అన్నాడు దుర్గాశంకర్. కరెంటు తియ్యొద్దన్నాడు. తియ్యకపోతే అన్నీ తుడుచుకుపోతాయి. తీస్తే ఏమవుతుందో తెలియదు. ఆమె కుర్చీ తన్నేసి గోడ దగ్గరకు పరుగెత్తి ప్లగ్గు పీకేసింది.

"పీకేశాన్రా" అంది.

"మంచి పని చేశావ్" అన్నాడు దుర్గాశంకర్. వెంటనే అడిగాడు. "అత్తయ్యా, కీబోర్డు మీద టీ గానీ ఒలికిందా?"

"టీ ఎక్కడిదిరా, నిన్న దాన్ని కడిగినంత పని చేసి పూజ చేశాం. మగ్గానికీ దీనికీ కలిపి."

"పూజంటే? ఏం పూశావ్?"

"పసుపూ, గంధం, కుంకుమా. మగ్గానికి ఎట్టా పెడతామో అట్టాగే. బొట్టు నిలవాలి కదా, కుడి పక్క పెద్ద బటన్ చూసి దానికి పెట్టాను. గంధం కాస్త జారుగా ఉంది."

"అది ఎంటరు, అత్తయ్యా" అన్నాడు వాడు నీరసంగా. "కుడి పక్క పెద్దదంటే ఎంటరే. గంధం లోపలికి దిగి గట్టిపడింది. అది కిందికే నొక్కుకుని ఉంది. తెర వచ్చినప్పుడల్లా సరే, సరే అని అదే చెబుతోంది. పొద్దుటినుంచీ పెట్టె తెరుచుకోకపోవడం కూడా దాని పనే."

ఆమె వంగి చూసింది. ఆ బటన్ పక్కవాటికన్నా పల్లంగా ఉంది. నిన్న కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్న బటన్ అది. భయం పోలేదు సరికదా, ఇప్పుడు దానికి తన చేతులారా చేశానన్న బాధ తోడైంది. భక్తిగా పెట్టిన బొట్టు మొగుడి పనంతా తుడిచెయ్యమని పొద్దుటినుంచీ ఆ యంత్రానికి చెబుతోందన్న మాట.

పోగులు లాగే సన్న కొక్కెంతో బటన్ పైకి లేపి, తడిగుడ్డ చుట్టిన పుల్లతో గంధం గీకి, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగించింది. కొక్కెం రెండు సార్లు జారింది. ప్లగ్గు పెట్టి ఎఫ్ ఎనిమిది కొట్టింది. నల్ల తెర వచ్చింది. ఈసారి కదలకుండా నిలబడింది. బాణంతో సేఫ్ మోడ్ దాకా దిగింది.

"ఇప్పుడు ఎంటరు కొట్టు."

కొట్టలేకపోయింది. తుడుపు అప్పటికే మొదలైందేమో, ఎంత పోయిందో, ఏ బొమ్మలు పోయాయో. కొట్టనంతసేపూ అన్నీ ఉన్నట్టే కదా అనిపించింది.

"అత్తయ్యా, ఉన్నావా?"

కళ్లు మూసుకుని కొట్టింది. తెరిచేసరికి తెర వెలిగింది, బొమ్మలు దాచిన సంచి గుర్తు కనిపించింది. దాన్ని తెరిచింది. హంసల అంచు, మామిడి పిందెల అంచు, రుద్రాక్షల అంచు, వరసగా దిగుతూనే ఉన్నాయి. కింద ఎక్కడో తెగిపోతాయేమోనని చివరిదాకా దింపింది. తెగలేదు.

"ఒక్కటీ పోలేదురా" అంది. సాయంత్రానికి కాపీ పెట్టడానికి డ్రైవు పట్టుకుని తానే వస్తానని, అందాకా దాన్ని ఆపొద్దని దుర్గాశంకర్ చెప్పాడు.

కోటిలింగం గోడ పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చాడు. అంతా విన్నాడు మరి. తడుముకుంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆ భుజం వణుకుతుంటే ఆశ్చర్యపోయాడు.

"నా కళ్లు ఇక రావని డాక్టరు చెప్పినప్పుడు నీకు కన్నీటి చుక్క రాలేదు. ఇవాళేంటే ఇట్టా అయిపోయావ్?"

"అప్పుడు మీ బొమ్మలున్నాయిగా" అంది చౌడేశ్వరమ్మ.

ఆయన స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ పెట్టె ఆరిపోకుండా కాపలా కాస్తూ మధ్యాహ్నం భోజనానికి కూడా ఇద్దరూ లేవలేదు.