ఎస్ టైర్‌కెక్కిన ముసలివాడు

ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే తమ్ముడి కొడుకు ఫోన్. "పెద్దనాన్నా, గేమ్ అప్‌డేట్ చేసినవా? పెద్దమ్మ ముసలోడు ఎస్ టైర్‌కు వచ్చిండు!" ఆ మాట వినాల్సిన మనిషి పోయి రెండేళ్లు దాటింది. అయినా అలవాటుగా వంటింటి వైపు తిరిగి పిలవబోయాను.

ఆ ఆట పెట్టె వాడిదే. హనుమకొండలో మా ఇంట్లో ఉండి చదువుకుని, ఉద్యోగానికి వెళ్తూ మాకు వదిలేశాడు. టీవీలో ఇద్దరు మనుషులు కొట్టుకునే ఆట. అందులోని పాత్రలను బలాన్ని బట్టి వరసలుగా పేరుస్తారట. అందరికంటే పైవాళ్లు ఎస్ టైర్, తర్వాత ఏ, బి, సి, అట్టడుగున డి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ బలాలూ వరసలూ మారుతుంటాయట. మా ఆవిడకు ఆట కన్నా ముందు ఆ వరసలే నచ్చాయి. దవాఖానలో నర్సుగా రిటైరై ఏమీ తోచక కూర్చున్న మనిషి, ఇక ప్రపంచాన్నంతా పేర్చడం మొదలుపెట్టింది. చింతచిగురు మాంసం ఎస్. నేను చేసే ఉప్మా డి. పాస్టరు గారి ప్రసంగం గంటలోపు ముగిస్తే ఏ, దాటితే సి. మా పెద్దక్క టైరు ఏదో మాత్రం, ఆవిడ బస్సెక్కాకే చెప్పేది.

ఆదివారాలు కూర పొయ్యెక్కే ముందు చాప మీద ఒక ఆట ఆడేవాళ్లం. ఓడినవాళ్లు ఎల్లిగడ్డలు ఒలవాలి. నేను ఎస్ టైర్ వస్తాదును పట్టుకునేవాణ్ణి. ఆమె ఎప్పుడూ డి టైర్‌లోని కర్ర ముసలివాణ్ణే. వాడు ఒక్క దెబ్బ కొట్టి ఆయాసపడేవాడు. ఈమె ఓడిపోయి, నవ్వుకుంటూ ఎల్లిగడ్డలు ముందేసుకునేది. మంచివాణ్ణి తీసుకోరాదా అంటే, "అందరు ఇడిసిపెట్టినోణ్ణి నేనన్న పట్టుకోవద్దా? జర ఓపిక పట్టుండ్రి, వానికి గూడ ఒక రోజొస్తది" అనేది. ఒకసారి ఉండబట్టలేక, మరి నా టైరు ఏది అని అడిగాను. పొట్టు ఊదుతూ, తలెత్తకుండా, "నేను ఎసుంటోళ్లను ఏరుకుంటనో మీకు తెల్వదా?" అంది. నా అలక సాయంత్రం చాయ్ దాకా నిలిచింది.

ఫోన్ పెట్టేసి టీవీ వేసి, వాడు చెప్పినట్టే గేమ్ అప్‌డేట్ చేశాను. ఆమె కంట్రోలర్ ఆమె పెట్టిన చోటే ఉంది. దుమ్ము తుడిచి, మొదటిసారి ముసలివాణ్ణి ఎంచుకున్నాను. అవతల నా వస్తాదును మెషీన్ ఆడించింది. ముసలివాడికి ఇప్పుడు ఆయాసం లేదు. కర్ర తిప్పితే వస్తాదు ఎగిరి పడ్డాడు. గెలిచిన సంబరంలో పక్కకు చూశాను. చాప ఖాళీగా ఉంది. గెలిచి ఇంత ఒంటరినైపోవడం నాకు ఎన్నడూ తెలియదు.

కూర చేసుకోవాలి కదా. ఓడినవాళ్లెవరూ ఇంట్లో లేరు గనుక ఎల్లిగడ్డలు నేనే ముందేసుకుని కూర్చున్నాను. ఆమె అన్నట్టే వాడి రోజు వచ్చింది. ఆ వచ్చేదేదో కాస్త ముందు వస్తే, కాలానికి ఏం పోయేది?