మూర్తిగారి అరవై నాలుగో లెవెల్

తిప్పడానికి వీలున్న దేన్నీ సత్యనారాయణమూర్తిగారు ఉన్నచోట ఉండనివ్వరు. ఫ్యాను రెగ్యులేటరు, గ్యాసు పొయ్యి, కుళాయి, టీవీ సౌండు, పక్కవాడి స్కూటరు అద్దం, ఏదైనా సరే. ఆయన వచ్చి వెళ్ళాక ఇంట్లో ఏదో ఒకటి కాస్త అటో ఇటో జరిగి ఉంటుంది. పెళ్ళికి వెళితే మైకు దగ్గర నిలబడతారు. ఒకసారి చావింటికి వెళ్ళి, శవాన్ని ఉంచిన ఐసుపెట్టె మీట తిప్పుతూ దొరికిపోయారు. ఇదేం పనండీ అని అడిగితే, "మరీ చల్లగా ఉందయ్యా, పాపం" అన్నారట. ఏడుస్తున్నవాళ్ళు కాసేపు ఏడుపు ఆపాల్సి వచ్చింది.

నూజివీడు బజారులో ఆయనది మామిడికాయల ట్రేలు, పురికొస, గోనెసంచులు అమ్మే కొట్టు. దాని పక్కదే నా టైలరింగు షాపు. కాబట్టి ఆ వేళ్ళ బాధ ఊరందరికంటే నాకే ఎక్కువ తెలుసు. గిరాకీ లేనప్పుడు వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. నేను అటు తిరిగి గుండీ వెతుక్కునే లోపల నా కుట్టుమిషను టెన్షన్ మర ఒక చుట్టు తిరిగిపోయేది.

"దారం బిగుతుగా ఉందమ్మా దయామణీ. దానికి ఊపిరాడ్డం లేదు."

"దారానికి ఊపిరేంటండీ!"

"వినపడట్లేదూ, మూలుగుతోంది?"

ఆ వారం నేను కుట్టిన జాకెట్టు ఒకటి, వేసుకున్నావిడ గుళ్ళో చేతులెత్తి దణ్ణం పెట్టగానే రెండు చంకలా విడిపోయింది. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు మూర్తిగారికి చెప్పాను. ఆయన చాలా బాధపడ్డారు. బాధపడుతూనే నా ఇస్త్రీపెట్టె వేడి తగ్గించారు.

ఆయన భార్య కామేశ్వరిగారు అప్పుడప్పుడూ వచ్చి నా దగ్గర గోడు చెప్పుకునేవారు. "మా ఇంట్లో ఇవాళ్టి కాఫీ రేపు రాదమ్మా. పొయ్యి మంట ఎవరు తగ్గిస్తారో, ఎప్పుడు పెంచుతారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన చేతికున్నవి వేళ్ళు కావు, స్క్రూడ్రైవర్లు."

అలాంటి మనిషి చేతికి చదరంగం ఆడే మిషను దొరికింది.

విజయవాడలో ఆదివారంపూట రోడ్డుపక్కన పాత సామాన్లు పరుచుకుని అమ్ముతారు. అక్కడ కొనుక్కొచ్చారు. చూడ్డానికి మామూలు చదరంగం బల్లే. కాకపోతే ప్లాస్టిక్‌ది, అంచుల్లో చిన్న చిన్న ఎర్రలైట్లుంటాయి. మనం పావును గడి మీద ఒత్తి ఎత్తు వేస్తే, అది ఆలోచించుకుని తన ఎత్తును లైట్లతో చూపిస్తుంది. దాని పావును కూడా మనమే జరపాలి. ఇందులో మూర్తిగారిని ఆకట్టుకున్న సంగతి వేరు. లెవెల్ అనే బటను నొక్కి ఏ గడి నొక్కితే ఆ గడి ఒక లెవెల్. అరవై నాలుగు గళ్ళకీ అరవై నాలుగు లెవెళ్ళు!

"మొదటిది చిన్నపిల్లల్లా ఆడుతుందమ్మా. పైకి పోయేకొద్దీ ఎక్కువసేపు ఆలోచిస్తుంది" అని నాకు వివరించారు. ఆ ముఖంలో వెలుగు మనవడు పుట్టినప్పుడు కూడా చూడలేదని కామేశ్వరిగారు అన్నారు.

ఆయన ఒక్క ఆట కూడా పూర్తిచేయలేదు. ఓడిపోతుంటే లెవెల్ తగ్గించేవారు. గెలుస్తుంటే, "పాపం, మరీ తగ్గించేసినట్టున్నాను" అని పెంచేవారు. అది ఈయన ఏనుగును తీసేసుకోగానే మళ్ళీ తగ్గించేవారు. చివరికి రెండువైపులా రాజులు మాత్రం మిగిలి ఒకదాన్నొకటి చూసుకునేవి. ఆయన తృప్తిగా లేచి నా షాపుకొచ్చి ఫ్యాను తగ్గించేవారు.

ఆ మే నెలలో, చిన్నరసం మామిడికాయలు కోతకొచ్చిన సమయంలో, ఒక మధ్యాహ్నం ఈదురుగాలి వీచింది. మా రేకులు రెండు లేచిపోయాయి. విస్సన్నపేట రోడ్డులో లక్ష్మీనరసింహారావుగారి తోటలో మాత్రం చెట్లే లేచిపోయాయి. వాళ్ళ నాన్నగారు అంటుకట్టి పెంచిన చెట్లు. కాయలతో సహా వేళ్ళు పైకి తేలి పడుకున్నాయి. పదింట ఏడు పోయాయన్నారు.

నరసింహారావుగారు మూర్తిగారితో బళ్ళో చదువుకున్న మనిషి. ప్రతి సీజనుకీ ట్రేలు ఈ కొట్లోనే తీసుకునేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు గానీ, మాట్లాడితే తోట సంగతే. గాలి తర్వాత ఆయన బజారుకి రావడం మానేశారు. సీజను ముగిసింది. లారీలు పోయాయి, మా వీధిలో కుళ్ళిన కాయల వాసన, ఈగలు మిగిలాయి. తరువాత వానలు పట్టుకున్నాయి. పగలు కూడా లైటు వేసుకుని కుట్టాల్సి వచ్చే రోజులు.

అలాంటి ఒకరోజు నరసింహారావుగారి భార్య సత్యవతిగారు నా దగ్గరికి వచ్చారు. కుట్టడానికి ఏమీ తేలేదు. ఊరికే కూర్చున్నారు. మూర్తిగారు అక్కడే ఉన్నారు, నా మిషను ముందు వంగి.

"పడిన చెట్లను ఎవర్నీ ముట్టుకోనివ్వటం లేదు దయామణీ" అన్నారావిడ. "కొమ్మలన్నీ ఎండిపోతున్నాయి. కొత్త మొక్కలు పెడదామంటే, కాపుకొచ్చేనాటికి చూసేదెవరు అంటారు. పొద్దున లేపితే, లేచి ఏం చెయ్యాలి అంటారు. గోడవైపు తిరిగి పడుకునే ఉంటారు." మళ్ళీ ఆవిడే అన్నారు. "కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటే, నిన్న తీసుకెళ్ళి మా అన్నయ్య వాళ్ళింట్లో పెట్టొచ్చాను."

మూర్తిగారి వేళ్ళు టెన్షన్ మర మీదే ఉన్నాయి. దాన్ని తిప్పకుండా వదిలేసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అలా జరగడం చూసింది నేను అదే మొదటిసారి.

మర్నాడు ఆయన ఆటో కట్టించుకుని నరసింహారావుగారింటికి వెళ్ళారు. అక్కడేం జరిగిందో తరువాత సత్యవతిగారు చెప్పారు. మంచం పక్కన నిలబడి, "ఒక దిక్కుమాలిన మిషను కొన్నానోయ్ నరసింహం. నన్ను చితక్కొడుతోంది. బళ్ళో చదరంగంలో నీకే కదా కప్పు వచ్చింది. వచ్చి నా పరువు కాపాడు" అన్నారట. రానన్నారట ఆయన. మూర్తిగారు ఆ గదిలో ఫ్యాను పెంచారు, తగ్గించారు, కిటికీ తలుపు వేశారు, తీశారు, గోడగడియారం ముందుకి జరిపారు. గంట గడిచాక నరసింహారావుగారు లేచి, "సరే పదవయ్యా బాబూ, వస్తా. దేన్నీ ముట్టుకోకు" అన్నారట.

అలా వచ్చారు. గడ్డం పెరిగిపోయి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. బల్ల ముందు కూర్చుని ఒక బంటును జరిపారు. మిషను మీద చిన్న ఎర్రలైటు మిణుకు మిణుకుమంటోంది. ఎంతసేపటికీ జవాబు లేదు.

"ఏంటోయ్, పాడైందా?"

"పాడవ్వలేదు. పెద్ద లెవెల్ పెట్టాను. ఆలోచిస్తోంది."

"ఎప్పటికి చెబుతుంది?"

"రేపు పొద్దున్నకి చెబుతుందేమో."

"ఒక్క ఎత్తుకి రేపటిదాకానా?"

"ఏం, నీకు తొందరా?"

నరసింహారావుగారు కాసేపు ఆ లైటునే చూశారు. "నాకేం తొందర. నాకేం పనుంది ఇప్పుడు" అని లేచి వెళ్ళిపోయారు.

మరుసటిరోజు పొద్దున్నే ఆయన మోపెడ్ మా వీధి మలుపు తిరిగింది. మిషను జవాబు చెప్పి ఉంది. ఆయన చూశారు, పెదవి విరిచారు, గుర్రాన్ని దూకించారు. లైటు మళ్ళీ మిణుకుమంది. ఆయన వెళ్ళిపోయారు. ఆ మరుసటిరోజూ అంతే. వానలోనూ వచ్చారు. ప్లాస్టిక్ కవరు తలకు చుట్టుకుని వచ్చి, ఒక్క ఎత్తు వేసి, తడుస్తూ వెళ్ళారు.

"అన్నం తింటూ కంచంలో వేలితో గళ్ళు గీస్తున్నారమ్మా" అని సత్యవతిగారు ఫోనులో చెప్పారు. ఆవిడ ఆ మాట అన్న తీరుకి, నాకు కూడా కాస్త ఊపిరాడింది.

వాళ్ళిద్దరి సంగతి అలా ఉంటే, మా బజారుకి కొత్త కష్టం వచ్చింది. మూర్తిగారు ఆ మిషను మీద వేలు కూడా వేయడం లేదు. రోజంతా కళ్ళెదుట అరవై నాలుగు లెవెళ్ళు పెట్టుకుని, ఒక్కటీ మార్చకుండా ఉండటం ఆ మనిషికి సామాన్యమా? ఆ దురదంతా మా మీద తీర్చుకున్నారు. మంగలి ఇన్నయ్య కుర్చీ ఎత్తు తగ్గించేస్తే, గడ్డం గీయించుకోవడానికి కూర్చున్న ఎస్సైగారు ధబాలున కిందికి దిగిపోయారు. టీ కొట్టు పొయ్యి పెంచితే పాలు పొంగి రోడ్డుమీదికొచ్చాయి. నా మిషను మీద నేను మరకి లక్క పోసి బిగించాల్సి వచ్చింది.

ఒక ఉదయం పార్శిల్ కట్టడానికి పురికొస కావలసి ఆయన కొట్లోకి వెళ్ళాను. మూర్తిగారు షట్టరు పక్కనుంచి వీధి చివరికి తొంగిచూస్తున్నారు. మలుపులో మోపెడ్ కనబడగానే పరుగున వచ్చి మిషను మీద ఒక బటను నొక్కారు. టక్కున రెండు లైట్లు వెలిగాయి. జవాబు వచ్చేసింది!

"అదేంటండీ! రాత్రంతా ఆలోచిస్తుందన్నారు?"

"ష్! మెల్లగా." ఆయన గొంతు తగ్గించారు. "చివరి గడి లెవెల్‌కి అంతు లేదమ్మా. మనం చాలు అనేదాకా ఆలోచిస్తూనే ఉంటుంది. బటను నొక్కితేనే ఎత్తు వేస్తుంది. వాడు వచ్చేముందు నొక్కుతున్నాను."

"మరి ఆయనున్నప్పుడే నొక్కితే?"

"ఆట గంటలో అయిపోతుంది. తర్వాత రోజు పొద్దున లేచి వాడు ఏం చేస్తాడు?"

నాకు పురికొస సంగతి గుర్తులేదు. నరసింహారావుగారు లోపలికి వచ్చి, "ఏం దయామణీ, నువ్వూ చూస్తున్నావా మా ఆట? ఇవాళ దీన్ని ఏడిపిస్తాను చూడు" అన్నారు. ఆయన అన్ని మాటలు కలిపి మాట్లాడటం విని చాలాకాలమైంది.

ఆశ్వయుజం వచ్చినా వానలు తగ్గలేదు. వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడ్డారు. మూర్తిగారికి డెంగీ అని తేలింది. విజయవాడ తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. ప్లేట్లెట్లు పడిపోతున్నాయని కామేశ్వరిగారు ఫోనులో ఏడుస్తుంటే, వెనకనుంచి నీరసంగా ఆయన గొంతు వినపడింది. "దయామణికి కొట్టు తాళాలు పంపించు. బటను కుడివైపుది. ఒక్కసారే నొక్కమను. ఇంకేదీ ముట్టుకోవద్దను!"

దేన్నీ ముట్టుకోవద్దని ఆయన నాకు చెప్పారు!

చదరంగంలో గుర్రం ఎటు పోతుందో కూడా తెలియని నేను, రోజూ పొద్దున్నే ఆ బటను నొక్కుతూ వచ్చాను. నరసింహారావుగారు వచ్చి, ముందు మూర్తిగారి ఆరోగ్యం అడిగి, తరువాత ఎత్తు వేసేవారు.

ఒకరోజు పెళ్ళివాళ్ళ జాకెట్లు మీద పడి, నేను ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికే ఆయన కొట్టు అరుగు మీద నిలబడి ఉన్నారు. షట్టరు ఎత్తాను. ఎర్రలైటు ఇంకా మిణుకుమంటోంది. ఆయన ముందు నొక్కడానికి లేదు.

"ఇంకా ఆలోచిస్తోందా?"

"వాన కదండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. లేచారు. వీధిలోకి చూశారు. రేపొస్తానని దిగాలు ముఖంతో ఇంటికి వెళ్ళిపోతే ఏం చెయ్యాలి? సత్యవతిగారికి ఏం చెప్పాలి?

"ఇది మరీ నత్తమ్మా" అన్నారు విసుగ్గా. "దీన్ని తొందరపెట్టే మార్గం ఏమీ లేదా? నాకు పనుంది."

"ఏం పనండీ?"

"రంపం మిషను వాళ్ళు వస్తున్నారు, పడిపోయిన చెట్లు కోయడానికి. నేను దగ్గర లేకపోతే నిలబడ్డవాటిని కూడా కోసి పారేస్తారు వెధవలు. తోట మళ్ళీ దున్నించాలి. గుంటలు తీయించాలి. ఎన్ని పనులు!"

నేను ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తాను. మూర్తిగారే ఎత్తారు. గొంతు పీలగా ఉంది. జరిగింది చెప్పాను.

"ఏమన్నాడు?"

"తొందరగా తేల్చమంటున్నారండీ."

"అది కాదు. ఆ తర్వాత ఏమన్నాడు?"

"పనుంది అన్నారు."

అవతల ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"అయితే కుడి బటను నొక్కు తల్లీ. తరువాత లెవెల్ బటను నొక్కి, ఎడమచేతి మూల మొదటి గడి ఒత్తు. వాణ్ణి ఆడనివ్వు. ఫోను పెట్టెయ్యకు, నేను వింటాను."

నేను లోపలికొచ్చి, అంతా నాకే తెలిసినట్టు చెప్పినవన్నీ నొక్కాను. మిషను వెంటనే ఒక ఎత్తు వేసింది. నరసింహారావుగారు తన ఏనుగుతో దాని మంత్రిని లాగేశారు. అది ఇంకొకటి వేసింది. ఆయన రెండు గుర్రాలూ దాని మీద పడ్డాయి. నిలబడే ఆడారు, మోపెడ్ తాళం చేతిలో తిప్పుకుంటూ. నేను టీ తెప్పించే లోపల దాని రాజుకి కదలడానికి గడి లేకుండా పోయింది.

"ఇన్నాళ్ళు ఆలోచించింది ఈ తెలివికేనా!" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు ఫోనులోకి వెళ్ళేలా నేను చెయ్యి కాస్త ముందుకు చాపాను. ఆయన టీ తాగకుండానే మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయారు.

"విన్నారాండీ?" అన్నాను ఫోను చెవి దగ్గర పెట్టుకుని.

అటువైపు ఏదో మంచం కిర్రుమంది. ఆ వెంటనే కామేశ్వరిగారి కేక వినపడింది.

"అయ్యో, ఆ సెలైన్ చక్రం తిప్పకండీ! నర్సమ్మా, నర్సమ్మా!"